పాత కారుకు నమ్మదగిన ఆయిల్ ప్రెషర్ గేజు: ఎంపిక, పరీక్ష, బిగింపు

పాత కారు నడిపేవారు ఆయిల్ ప్రెషర్ గేజు గురించి అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ కంపెనీది కొనాలి? ఒక్క పేరుతో తేలే జవాబు నా దగ్గర లేదు. ఒకే కంపెనీ పెట్టెల్లోంచి తీసిన రెండు గేజుల్లో ఒకటి నిజం చెప్పడం, రెండోది బొంకడం నా బల్ల మీదే చూశాను.

అడగవలసిన ప్రశ్న వేరు. ఇంజిన్ బాగా వేడెక్కి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) తిరుగుతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ అట్టడుగుకు దిగుతుంది. బేరింగులు అరిగాయా, పంపు నీరసించిందా అన్నది ముందుగా బయటపడేది అక్కడే. ఆ అడుగు భాగంలో ముల్లు నిజం చెప్పాలి. పైన 60, 70 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దగ్గర రెండు మూడు అటూ ఇటూ అయినా కొంపలు మునగవు. ఎంపికకైనా, పరీక్షకైనా, బిగింపుకైనా ఇదే నా కొలబద్ద.

## 1. ముందు మీ ఇంజిన్ లెక్కలు రాసుకోండి

గేజు కొనేముందు ఆ కారు వర్క్‌షాప్ మాన్యువల్ తెరవండి. అందులో మీకు కావలసినవి రెండు అంకెలు: వేడి ఇంజిన్ ఐడిల్‌లో ఉండవలసిన ప్రెషర్, వేడి ఇంజిన్ ఒక నిర్దిష్ట వేగంలో తిరిగేటప్పుడు ఉండవలసిన ప్రెషర్.

ఇంజిన్‌కూ ఇంజిన్‌కూ ఇవి ఎంత మారతాయో చూడండి. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఇంజిన్‌కు నడుస్తున్నప్పుడు 50 నుంచి 80 పీఎస్ఐ, ఐడిల్‌లో 10 నుంచి 25 పీఎస్ఐ మామూలు. జాగ్వార్ ఎక్స్‌కే ఇంజిన్‌కు 3000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 40 పీఎస్ఐ చాలు. షెవ్రొలే పాత 216 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్ అయితే సుమారు 15 పీఎస్ఐతోనే హాయిగా నడుస్తుంది. దాని కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు ఆయిల్ చేరే పద్ధతే వేరు.

ప్రతి 1000 ఆర్‌పీఎంకూ 10 పీఎస్ఐ ఉండాలన్న సూత్రం అందరి నోటా వినిపిస్తుంది. మాన్యువల్ దొరకనప్పుడు ఉజ్జాయింపుగా పనికొస్తుంది, అంతే. ఆ సూత్రంతో 216 ఇంజిన్‌ను కొలిస్తే, ఏ లోపమూ లేని ఇంజిన్‌ను విప్పుకుని కూర్చుంటారు.

మాన్యువల్ ఏ దేశానిదో బట్టి కొలత మారుతుంది. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. చదరపు సెంటీమీటరుకు 1 కిలో అంటే 14.2 పీఎస్ఐ. 100 కిలోపాస్కల్ అంటే 1 బార్.

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

- వేడి ఐడిల్ ప్రెషర్, వేడిగా నడిచేటప్పటి ప్రెషర్
- చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే ఎక్కే గరిష్ఠ ప్రెషర్ (ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకునే హద్దు)
- బ్యాటరీ 6 ఓల్టులా, 12 ఓల్టులా. ఎర్త్ అయినది, అంటే కారు ఒంటికి కలిపిన బ్యాటరీ కొన, ప్లస్సా, మైనస్సా
- ఇంజిన్ మీద ప్రెషర్ తీసుకునే రంధ్రం ఎక్కడ, దాని మర ఏది
- డ్యాష్‌బోర్డు రంధ్రం వ్యాసం, వెనక ఖాళీ ఎంత

## 2. ఉన్న గేజు నిజంగా చెడిందో లేదో చూడండి

కొత్త గేజు కొన్నవారిలో కొందరికి అసలు ఆ అవసరమే లేదు. పాత గేజు తీసి పారేయకముందు ఈ వరుసలో చూడండి.

ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగండి. మెకానికల్ గేజు ముల్లు సున్నా దగ్గర ఉండాలి. 5 దగ్గరో 8 దగ్గరో ఆగితే లోపలి వంపు గొట్టం ఎప్పుడో హద్దు మీరిన ఒత్తిడికి సాగిందని అనుమానించాలి.

ముల్లు బద్ధకంగా కదులుతుంటే గొట్టం రెండు చివరలూ విప్పి గాలి ఊదండి. ఏళ్ల తరబడి నిలిచిన ఆయిల్ జిగురులా గట్టిపడి సన్నటి దారిని మూసేస్తుంది. గేజు బాగానే ఉండి, గొట్టం మూసుకుపోయిన సందర్భాలు తక్కువేమీ కావు.

ఎలక్ట్రికల్ గేజు అయితే ఇంధనం, నీటి వేడి చూపే పక్క గేజుల్ని కూడా గమనించండి. 1960ల తర్వాతి చాలా బ్రిటిష్ కార్లలో ఈ గేజులకు ఓల్టేజీని 10 దగ్గర నిలకడగా ఉంచే స్టెబిలైజర్ నుంచి కరెంటు వస్తుంది. దాని ఎర్త్ తెగితే ఆ గేజులన్నీ ఒకేసారి ఎక్కువ చూపుతాయి. అప్పుడు మార్చవలసింది గేజును కాదు, పట్టుమని గుప్పెడు కూడా లేని ఆ చిన్న డబ్బాను. ఒక్కోసారి దాని స్క్రూ కింది తుప్పు గీకితే సరిపోతుంది.

ఆయిల్ ప్రెషర్, నీటి వేడి ఒకే డబ్బాలో చూపే జంట గేజు మీదైతే జాగ్రత్త. నీటి వేడికి వెళ్లే సన్నటి గొట్టం లోపల ద్రవం నింపి శాశ్వతంగా మూసి ఉంటుంది. అది నలిగినా తెగినా ఆ సగం గేజు పోయినట్టే. డ్యాష్ నుంచి లాగేముందు ఆ గొట్టం చివర నీటి వేడిని పసిగట్టే బల్బును ఇంజిన్ నుంచి విప్పి, మొత్తం గొట్టాన్ని చుట్టగా బయటికి తీయండి.

## 3. మెకానికలా, ఎలక్ట్రికలా?

మెకానికల్ గేజు లోపల ప్రశ్నార్థకంలా వంగిన పలుచటి లోహపు గొట్టం ఉంటుంది. ఆయిల్ లోపలికి తోస్తే ఆ వంపు కొంచెం విచ్చుకుంటుంది, ఆ కదలికను చిన్న పళ్ల చక్రాలు ముల్లుకు అందిస్తాయి. కరెంటుతో పని లేదు. ప్రెషర్ పడిన క్షణానే ముల్లు పడుతుంది. దీని చిక్కల్లా ఒక్కటే: వేడి ఆయిల్ మీ మోకాళ్ల దగ్గరిదాకా వస్తుంది.

ఎలక్ట్రికల్ గేజులో ఆయిల్ ఇంజిన్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడ బిగించిన సెండర్ ప్రెషర్‌ను విద్యుత్ నిరోధంగా మారుస్తుంది, డ్యాష్‌కు తీగ మాత్రమే వస్తుంది. శుభ్రం, సురక్షితం. కానీ నిజానికి అడ్డుపడే చోట్లు పెరుగుతాయి: సెండర్, తీగ, ఎర్త్, ఓల్టేజీ, గేజు. అయిదుగురి నోట మారిన వార్త అది.

ఎలక్ట్రికల్ గేజుల్లోనూ తేడాలున్నాయి. రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగే పాత రకం నెమ్మదిగా కదులుతుంది. ప్రెషర్ హఠాత్తుగా పడిపోయినా కొన్ని సెకన్లు పాత అంకె దగ్గరే నానుస్తుంది. ఆయిల్ ప్రెషర్‌కు ఇది నాకు నచ్చని గుణం. తీగచుట్టల మధ్య అయస్కాంతం తిరిగే రకం చురుకు. కొత్త రకాల్లో సెన్సరు 0.5 నుంచి 4.5 ఓల్టుల సంకేతం పంపుతుంది, చిన్న మోటారు ముల్లును తిప్పుతుంది. మంచి కచ్చితత్వం, కానీ చాలావరకు 12 ఓల్టుల మైనస్ ఎర్త్ కారునే కోరుతుంది.

నా తీర్పు ఇది. గొట్టానికి చక్కటి దారి దొరికే కారుకు మెకానికల్. ఇంజిన్ వెనక ఉన్న కార్లకు, గొట్టం ఎగ్జాస్టు పక్కనుంచే పోవలసిన కార్లకు ఎలక్ట్రికల్. గేజు, సెండర్ ఒకే తయారీదారువి, ఒకే పెట్టెలోవి అయితేనే.

ఏది పెట్టినా హెచ్చరిక దీపాన్ని తీసేయకండి. చాలా కార్లలో ఆ దీపం ప్రెషర్ 5 పీఎస్ఐ అటూ ఇటూగా పడిపోయాకే వెలుగుతుంది. అంటే చేతులు కాలాక ఆకులు అందించే రకం. అయినా ముల్లును చూడని క్షణంలో మీ కంటికి తగిలేది అదే.

## 4. డయలు మీది హద్దు, కచ్చితత్వం

చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. "150 వరకు ఉంది, ఇంకా మంచిది" అనుకుంటారు.

గేజు పొరపాటును సాధారణంగా పూర్తి స్కేలులో శాతంగా లెక్కిస్తారు. 100 పీఎస్ఐ గేజుకు 2.5 శాతం పొరపాటు ఉందంటే, డయలు మీద ఎక్కడైనా రెండున్నర పీఎస్ఐ అటూ ఇటూ కావచ్చు. 60 దగ్గర అది లెక్కలోకి రాదు. 10 దగ్గర అది చదివిన అంకెలో నాలుగో వంతు. అదే శాతంతో 150 పీఎస్ఐ గేజు పెడితే దాదాపు 4 పీఎస్ఐ తేడా వస్తుంది. మీ ఇంజిన్ ఐడిల్‌లో 10 చూపినప్పుడు అది 6 కావచ్చు, 14 కావచ్చు. ఇక ఆ ముల్లు ఉండి ఏం లాభం?

అందుకని నేను పాటించేది:

- రోజూ నడిచే వేడి ప్రెషర్ డయలు మధ్య భాగంలో పడాలి.
- చల్లటి స్టార్ట్‌లో ఎక్కే గరిష్ఠ ప్రెషర్‌కు పైన ఇంకొంచెం స్కేలు మిగలాలి. ముల్లు చివరి మేకును ఎప్పుడూ తాకకూడదు.
- ఐడిల్ ప్రెషర్ దగ్గర గీతలు విడివిడిగా చదవగలిగేలా ఉండాలి.

నడిచేటప్పుడు 50 నుంచి 60 ఉండి, చల్లగా 80 దాకా ఎక్కే ఇంజిన్‌కు 0 నుంచి 100 పీఎస్ఐ గేజు సరిపోతుంది. 15 పీఎస్ఐ ఇంజిన్‌కు 0 నుంచి 30 గేజు కావాలి. దానికి 100 గేజు పెడితే ముల్లు డయలు మూలన ముడుచుకుని కూర్చుంటుంది.

ముల్లు తిరిగే కోణం కూడా చూడండి. డయలు చుట్టూ 270 డిగ్రీలు తిరిగే గేజులో 10కీ 15కీ మధ్య దూరం కంటికి ఆనుతుంది. 90 డిగ్రీలే ఊగే గేజులో అదే తేడా ముల్లు మందమంత ఉంటుంది. అందానికి 90 డిగ్రీలది బాగుంటుంది, ఒప్పుకుంటాను.

అంకెలు లేకుండా తక్కువ, ఎక్కువ అని రంగు పట్టీలు మాత్రమే ఉన్న గేజు ఆయిల్ ప్రెషర్‌కు వద్దు.

## 5. గేజు, సెండర్ ఒకే భాష మాట్లాడాలి

మెకానికల్ ఎంచుకున్నవారు ఈ భాగం దాటేయవచ్చు.

సెండర్లు రకరకాల నిరోధ శ్రేణుల్లో వస్తాయి. బయట ఎక్కువగా తగిలేవి రెండు. యూరప్‌లో వీడీఓ (జర్మన్ గేజుల కంపెనీ) తరహా సెండర్ సున్నా ప్రెషర్ దగ్గర 10 ఓమ్‌లు (నిరోధం కొలత), పూర్తి ప్రెషర్ దగ్గర 180 ఓమ్‌లు చూపుతుంది. అమెరికన్ విడి గేజుల్లో ఎక్కువ వాటికి సున్నా దగ్గర 240, పూర్తి దగ్గర 33 ఓమ్‌లు. చూశారు కదా, రెండూ ఎదురు దిశల్లో నడుస్తాయి. ఒకదాని సెండర్‌ను ఇంకొకదాని గేజుకు కలిపితే ఇంజిన్ ఆపినప్పుడు ముల్లు ఆకాశంలో ఉంటుంది, వేగం పెంచితే కిందికి జారుతుంది.

అంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇంకోటి ఉంది. ఓమ్‌ల శ్రేణి సరిపోతుంది, ప్రెషర్ శ్రేణి సరిపోదు. 10 నుంచి 180 ఓమ్‌ల సెండర్లు 5 బార్ రకంలోనూ 10 బార్ రకంలోనూ దొరుకుతాయి. 5 బార్ సెండర్‌ను 10 బార్ గేజుకు కలిపితే ముల్లు సజావుగానే కదులుతుంది, కానీ ఉన్న ప్రెషర్‌కు రెట్టింపు చూపుతుంది. ఐడిల్‌లో 8 ఉంటే 16. ఇంతకు మించి తియ్యటి అబద్ధం ఉండదు. సెండర్ ఒంటి మీద చెక్కిన అంకె చదివి, డయలు చివరి అంకెతో పోల్చండి.

రెండు కొనలున్న సెండర్ అయితే ఏది దేనికో చూసుకోండి. వీడీఓ తరహాలో జీ అని ఉన్నది గేజుకు, డబ్ల్యూకే అని ఉన్నది హెచ్చరిక దీపానికి. తారుమారు చేస్తే దీపం ఎప్పుడూ మసకగా వెలుగుతూ, ముల్లు పనికిరాని అంకె చూపుతూ మిమ్మల్ని తికమక పెడతాయి.

మల్టీమీటరుతో కొత్త సెండర్‌ను కొన్న చోటే కొలవవచ్చు. కొనకూ ఒంటికీ మధ్య, ప్రెషర్ లేనప్పుడు, 10 ఓమ్‌ల రకం 10కి దగ్గరగా, 240 రకం 240కి దగ్గరగా చూపాలి. చూపకపోతే అక్కడే తిరిగి ఇచ్చేయండి.

## 6. మర: ఒక మిల్లీమీటరులో సగం తేడా

ఈ పనిలో నిజంగా ఇంజిన్‌కు గాయం చేసేది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

ప్రెషర్ రంధ్రాల్లో తరచూ కనిపించే మరలు మూడు: 1/8 ఎన్‌పీటీ (అమెరికన్ పైపు మర), 1/8 బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు మర), ఎం10×1 (మెట్రిక్ మర). వీటి బయటి వ్యాసాలు వరుసగా సుమారు 10.3, 9.7, 10 మిల్లీమీటర్లు. కంటికి మూడూ ఒకటే. మర సాంద్రత అంగుళానికి ఎన్‌పీటీలో 27 చుట్లు, బీఎస్‌పీలో 28. ఎం10లో ఒక్కో చుట్టుకూ 1 మిల్లీమీటరు.

ఇంత దగ్గరగా ఉండడమే ముప్పు. తప్పుడు మర మొదటి రెండు మూడు చుట్లు చేత్తోనే పడుతుంది. తర్వాత బిగుసుకుంటుంది. "కొత్తది కదా, బిగువుగానే ఉంటుంది" అని స్పానరు వేస్తారు. ఇత్తడి అయితే దాని మరే చెడుతుంది. ఇంజిన్ బ్లాకులోనో అల్యూమినియం ఫిల్టర్ హెడ్‌లోనో మర చిదిగితే ఆ రంధ్రాన్ని మళ్లీ బాగు చేయించుకోవాలి.

- పాతది విప్పి, మర కొలిచే దువ్వెన గేజుతో చుట్లు సరిచూడండి.
- కొలిచే గేజు లేకపోతే పాత, కొత్త ముక్కల మరలను పక్కపక్కన ఒకదానిలో ఒకటి ఇమిడేలా పట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. మర ఒకటే అయితే మధ్యనుంచి వెలుతురు రాదు.
- ఎన్‌పీటీ చివరికి సన్నబడే మర, అది మరలోనే బిగుసుకుని ఆయిల్‌ను ఆపుతుంది. సమాన మందంగా ఉండే బీఎస్‌పీకి, ఎం10కి రాగి వాషరుగానీ రబ్బరు అంచు ఉన్న వాషరుగానీ కావాలి.
- మర కలవకపోతే సరైన అడాప్టరు తెప్పించండి. బలవంతం వద్దు.

## 7. డ్యాష్‌కు సరిపోతుందా?

పాత కార్లలో చిన్న గేజుల రంధ్రం చాలావరకు 52 మిల్లీమీటర్లు, కొన్నిటిలో 60. వెనక లోతును గేజుతోపాటు దానికి తగిలే గొట్టం మలుపుకూ కలిపి కొలవండి.

6 ఓల్టుల కారుకైనా ప్లస్ ఎర్త్ కారుకైనా మెకానికల్ గేజు అభ్యంతరం చెప్పదు, దాని దీపం బల్బు సరైన ఓల్టేజీది ఉంటే చాలు. ఎల్ఈడీ అయితే ప్లస్ ఎర్త్‌లో వెలగకపోవచ్చు. ఎలక్ట్రానిక్ గేజులను ప్లస్ ఎర్త్ కారులో తయారీదారు ఒప్పుకున్నట్టు రాసి ఉంటే తప్ప తగిలించకండి.

అసలు గేజు రూపం పోకూడదనుకుంటే పాతదాన్ని డ్యాష్‌లో అలాగే ఉంచి, నిజమైన గేజును డ్యాష్ కింద పెట్టుకోవడం నాకు నచ్చిన రాజీ.

## 8. బిగించకముందు బల్ల మీద పరీక్ష

అందరూ దాటేసే మెట్టు ఇదే. అరగంట పని.

కావలసినవి: టైరుకు గాలి కొట్టే పంపు, నమ్మకమైన ఇంకో ప్రెషర్ గేజు, టీ జాయింటు (T ఆకారంలో మూడు నోళ్లున్న ముక్క), గాలి ట్యాంకులకు వాడే టైరు వాల్వు అడాప్టరు (ఒకవైపు 1/8 మర, మరోవైపు వాల్వు). రెండు గేజుల్నీ టీకి కలిపి, మూడో వైపు నుంచి గాలి కొట్టాలి.

1. 10, 20, 40, 60 దగ్గర ఆగుతూ ఎక్కండి. రెండు గేజుల అంకెలూ రాసుకోండి. పూర్తి స్కేలు దాటవద్దు.
2. 60 దగ్గర పది నిమిషాలు ఉంచండి. రెండు ముళ్లూ కలిసి దిగితే ఎక్కడో గాలి పోతోంది. సబ్బు నీళ్లతో వెతకండి.
3. ఇప్పుడు వాల్వును కొంచెం కొంచెంగా నొక్కుతూ అవే అంకెల దగ్గర ఆగుతూ దిగండి. ఈ దిగుడే అసలు పరీక్ష.
4. దిగువ ప్రతి మెట్టు దగ్గరా గాజు మీద వేలితో మెల్లగా తట్టి, ముల్లు కదిలిందేమో చూడండి.

ఒకసారి మెరిసే ఇత్తడి అంచున్న కొత్త గేజును ఇలాగే పరీక్షించాను. ఎక్కేటప్పుడు వంక పెట్టడానికి లేదు: 20కి 20, 40కి 41, 60కి 60. దిగేటప్పుడు పక్క గేజు 20 అంటోంది, కొత్తది 28 దగ్గర నిలబడింది. వేలితో తట్టాను. ముల్లు ఉలిక్కిపడినట్టు 22కి జారింది. మళ్లీ 60కి ఎక్కించి దించాను, మళ్లీ 28. లోపల పళ్ల చక్రం ఎక్కడో పట్టుకుంటోంది. ఆ గేజు కారులో ఉంటే, రోడ్డు మీంచి వచ్చి ఆగిన ప్రతిసారీ ఐడిల్‌లో ఎనిమిది ఎక్కువ చూపేది. నేనేమో ఇంజిన్ భేషుగ్గా ఉందనుకునేవాణ్ని. తిరిగి పంపేశాను.

ఎక్కినప్పటికీ దిగినప్పటికీ తేడా, 100 పీఎస్ఐ గేజులో, రెండు మూడు పీఎస్ఐ మించితే నేను ఒప్పుకోను. ఎప్పుడూ ఒకే విధంగా 2 ఎక్కువ చూపే గేజు ఫర్వాలేదు, ఆ 2 మనసులో తీసేసుకోవచ్చు. పూటకో మాట చెప్పే గేజుతో వేగలేం.

ఎలక్ట్రికల్ గేజుకు అయితే సెండర్ బదులు తెలిసిన నిరోధకాలు కలిపి చూడండి. 10 నుంచి 180 రకానికి 10 ఓమ్‌లు పెడితే సున్నా, 180 పెడితే పూర్తి స్కేలు రావాలి. 240 నుంచి 33 రకానికి 240 పెడితే సున్నా, 33 పెడితే పూర్తి స్కేలు. సెండర్‌ను విడిగా గాలి పంపుతో, మల్టీమీటరుతో చూడండి. మెట్టు మెట్టుకూ ఓమ్‌లు సాఫీగా మారాలి, గెంతకూడదు.

## 9. బిగించే వరుస

ఇంజిన్ చల్లబడాలి. బ్యాటరీ తీగ విప్పండి.

రంధ్రం దగ్గర. దీపం స్విచ్‌ను తీసి, టీ జాయింటు పెట్టి, ఒకవైపు స్విచ్, ఇంకోవైపు గేజు. ఇక్కడ ఒక హెచ్చరిక. డబ్బాలాంటి బరువైన సెండర్‌ను ఇత్తడి టీ చివర కొమ్మకు కాయలా వేలాడదీయకండి. ఇంజిన్ అదురుకు ఇత్తడి మెడ దగ్గర అలసిపోతుంది. నా కారులో సరిగ్గా అలాగే జరిగింది. మొదటి మర దగ్గర వెంట్రుకంత పగులు. ఇంజిన్ ఆపి తడిమితే పొడిగా ఉండేది, తిరుగుతున్నప్పుడే చెమర్చేది. నెల రోజులు రాకర్ కవర్ గాస్కెట్‌ను నిందిస్తూ తిరిగాను. ఆ పగులు నడిరోడ్డు మీద పూర్తిగా తెగివుంటే ఆయిలంతా నిమిషాల్లో బయటపడేది.

దానికి మందు: ఇంజిన్‌లోంచి అల్లిక కవచం ఉన్న పొట్టి వంగే గొట్టం తీసుకొచ్చి, టీని, సెండర్‌ను కారు రేకుకు క్లాంపుతో బిగించండి. అప్పుడు సెండర్‌కు ఇంజిన్ నుంచి వచ్చే ఎర్త్ పోతుంది కాబట్టి విడిగా ఎర్త్ తీగ వేయాలి.

మర మూత. సన్నబడే మరకు ద్రవ సీలెంటు వాడండి, మొదటి రెండు చుట్లు వదిలేసి. టెఫ్లాన్ టేపు పీలికలు ఊడి సన్నటి దారుల్లో ఇరుక్కుంటాయి. పైగా మర ద్వారానే ఎర్త్ అందుకునే సెండర్‌కు మందంగా చుట్టిన టేపు అడ్డుపడుతుంది.

గొట్టం. మెకానికల్ గేజుకు మూడు దారులు. నైలాన్ చవక, వంచడం తేలిక, కానీ ఎగ్జాస్టు వేడికి మెత్తబడుతుంది, కాలం గడిస్తే పెళుసెక్కుతుంది. రాగి వేడికి తట్టుకుంటుంది, కానీ అదిరి అదిరి గట్టిపడి విరుగుతుంది. అందుకే ఇంజిన్ దగ్గర దానికి రెండు మూడు చుట్ల స్ప్రింగులాంటి చుట్ట పెట్టాలి. స్టీలు అల్లిక ఉన్న టెఫ్లాన్ గొట్టం అన్నిటికన్నా మేలు. నేను వాడేది అదే. డబ్బు మిగుల్చుకోవలసిన చోటు ఇది కాదు.

ఇంజిన్ వైపు చివరలో 1 మిల్లీమీటరు లోపు రంధ్రమున్న చిన్న అడ్డు పెట్టండి. గొట్టం తెగినా బయటికి పోయే ఆయిల్ బాగా తగ్గుతుంది. ముల్లు వణుకు కూడా తగ్గుతుంది.

రేకు దాటే చోట. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు) రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (అంచు ఒరుసుకోకుండా తొడిగే ఉంగరం) తప్పనిసరి. ఎగ్జాస్టుకు, తిరిగే బెల్టులకు, స్టీరింగు రాడ్డుకు దూరంగా గొట్టాన్ని క్లిప్పులతో పట్టండి.

గేజు వెనక. రెండు స్పానర్లు వాడండి: ఒకటి గేజు మెడను పట్టడానికి, ఇంకొకటి నట్టును తిప్పడానికి. ఒక్కదానితో తిప్పితే గేజు లోపలి గొట్టమే మెలి తిరుగుతుంది. నట్టు కింది ఇత్తడి ఉంగరాన్ని కారడం ఆగేంత బిగిస్తే చాలు. ఇంకా లాగితే అది నలిగి, ఆగిన కారుడు మళ్లీ మొదలవుతుంది.

గాలి తీయడం. బ్యాటరీ తీగ మళ్లీ కలిపి, ఇంజిన్ అంటుకోకుండా కాయిల్ తీగ తీసేసి స్టార్టరుతో తిప్పుతూ, గేజు నట్టు సగం చుట్టు వదులు చేసి కింద గుడ్డ పట్టండి. ఆయిల్ కనిపించగానే బిగించండి. గొట్టంలో గాలి మిగిలినా అంకె మారదు, ముల్లు మాత్రం మందకొడిగా కదులుతుంది.

## 10. మొదటి ప్రయాణం

స్టార్ట్ చేయగానే ప్రెషర్ కొన్ని సెకన్లలో ఎక్కాలి. ఎక్కకపోతే ఆపండి. ఎక్కితే టార్చితో ప్రతి జాయింటూ చూడండి, వేలితో తడమండి.

తర్వాత కనీసం అరగంట నడపండి. నీటి ముల్లు వేడి చూపినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకా సమయం పడుతుంది. తిరిగొచ్చాక రాసుకోండి:

- వేడి ఐడిల్ ప్రెషర్
- 2000, 3000 ఆర్‌పీఎం దగ్గర ప్రెషర్
- ఆ రోజు వాతావరణం, ఆయిల్ గ్రేడు, మార్చి ఎన్ని కిలోమీటర్లయింది
- ఇంజిన్ ఆపాక ముల్లు ఎక్కడికి వచ్చింది

ఈ కాగితం గ్లవ్ బాక్సులో ఉంచండి. ఆర్నెల్ల తర్వాత అదే వేడిలో, అదే ఆయిల్‌తో ఐడిల్ 18 నుంచి 11కి దిగితే అప్పుడు కంగారు పడాలి. పక్కవాడి కారు 25 చూపుతోందని కాదు.

## 11. ముల్లు వింతగా ప్రవర్తిస్తే

నడుస్తుండగా హఠాత్తుగా సున్నా. ముందు ఇంజిన్ ఆపండి, తర్వాత ఆలోచించండి. డిప్‌స్టిక్కు చూడండి, కింద ఆయిల్ మడుగు ఉందేమో చూడండి. రెండూ సరిగ్గా ఉంటే, ఎలక్ట్రికల్ గేజుకు తీగ, ఎర్త్ చూడండి. అంతమాత్రాన ప్రెషర్ ఉన్నట్టే అనుకోకండి. "గేజే చెడి ఉంటుందిలే" అని ఇంటిదాకా నడిపినవారు ఆ తర్వాత క్రాంక్ షాఫ్టు వెతుక్కుంటారు.

ఎప్పుడూ ఒకే అంకె దగ్గర గెంతుతుంటే. సెండర్ లోపలి చుట్ట, ముల్లు ఎక్కువగా నిలిచే చోట అరిగింది. సెండర్ మార్చాలి.

మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు పడి లేస్తుంటే. ఆయిల్ మట్టం తగ్గి పంపు గాలి పీలుస్తోంది. గేజుకు దండం పెట్టి ఆయిల్ పోయండి.

సన్నగా వణుకుతుంటే. పంపు పళ్ల అదురు. అడ్డు రంధ్రం పెడితే ఆగుతుంది.

హెడ్‌లైట్లు వేస్తే అంకె మారుతుంటే. ఎర్త్. గేజు వెనక నుంచి బ్యాటరీదాకా విడిగా తీగ లాగి చూడండి.

వేడి ఐడిల్ తక్కువ, మిగతా అంతా మామూలు. ఇంజిన్ విప్పే ఆలోచన పక్కన పెట్టి, అదే రంధ్రానికి బల్ల మీద సరిచూసిన రెండో గేజును నేరుగా బిగించి, బానెట్ తెరిచి ఐడిల్‌లో చదవండి. రెండూ ఒకే మాట చెబితే, అప్పుడు ఆయిల్ గ్రేడు, రిలీఫ్ వాల్వు, పంపు, బేరింగులు, ఆ వరుసలో.